లెక్చరరు గారికి తెలియని చెట్టు

చింతామణి,
10 జూన్ 2007

చిక్కబళ్ళాపురం కాలేజీలో సస్యశాస్త్రం చెప్పే పురుషోత్తమ్ సారుకు, లక్ష్మీనరసమ్మ చేతులెత్తి చేసే నమస్కారాలు.

మా పక్కింటి చైత్ర మీ దగ్గరే చదువుతోంది. ఆకు చూపిస్తే చాలు, మా సారు చెట్టు పేరు చెప్పేస్తారని గొప్పలు పోతుంది. అందుకే ఈ కవర్లో ఒక ఆకు పెట్టాను. మా ఇంటి ముందు రోడ్డు వారనున్న చెట్టుది. వీధిలో ఎవరిని అడిగినా "ఏమో, యాడా చూళ్ళేదు" అంటారు. తొమ్మిదేళ్ళ కిందట మా ఆయన తిమ్మరాయప్ప బెంగళూరు నుంచి తెచ్చి నాటాడు. ఆయన బస్సు డ్రైవరు. పేరేమని అడిగితే "పూసినప్పుడు నీకే తెలుస్తాది, గమ్మునుండు" అనేవాడు. అది పూసింది లేదు. పైకి పెరిగినప్పుడల్లా కరెంటు వాళ్ళొచ్చి తల నరికి పోతారు.

మార్చిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాటా పడిపోయింది. వరండాలో మంచం మీద పడుకుని పొద్దస్తమానం ఆ చెట్టునే చూస్తుంటాడు. పేరు చెప్పకుండానే పోతాడేమోనని నాకు భయంగా ఉంది సారూ.

ఇట్లు,
లక్ష్మీనరసమ్మ

తా.క.: నాది కదిరి పక్క, కన్నడ రాయడం రాదు. మీది తెలుగోళ్ళుండే బాగేపల్లి అట కదా, తెలుగులోనే జవాబు రాయండి. స్టాంపు లోపలే పెట్టాను. ఆకుకు అంటుకుని ఉంటే ఊడదీసుకోండి.

చిక్కబళ్ళాపురం,
20 జూన్ 2007

లక్ష్మీనరసమ్మ గారికి నమస్కారాలు.

స్టాంపు క్షేమంగా అందింది. ఆకు మాత్రం సగం పొడిపొడి అయిపోయింది. కాడలోంచి కాడలు, సన్నటి చిన్నాకులు, అంచుల్లో గాట్లు. సందేహం లేదు, అది కన్నడంలో హెబ్బేవు. మన తెలుగులో కొండవేప. తిమ్మరాయప్ప గారు త్వరగా కోలుకోవాలి.

భవదీయుడు,
పురుషోత్తమ్

తా.క.: నన్ను పొగిడినంత మాత్రాన మార్కులు పడవని చైత్రకు చెప్పండి.

చింతామణి,
28 జూన్ 2007

సారుకు నమస్కారాలు.

మీ ఉత్తరం ఆయన మంచం పక్కన కూర్చుని గట్టిగా చదివాను. కొండవేప అనగానే ఆయన నవ్వాడు సారూ! మూతి ఒకపక్కే కదులుతుంది, ఆ పక్కనే నవ్వాడు. మార్చి తర్వాత ఇదే మొదటి నవ్వు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చి వచ్చాను.

నవ్వాడంటే మీరు చెప్పింది తప్పనే కదా! ఇంత చదువుకుని అదేం సారూ? ఈసారి బెరడు పంపుతున్నాను. నిలువునా పగుళ్ళు, గోరు గుచ్చితే దిగుతుంది, చేతిలో పెట్టుకుంటే బరువే లేదు. సరిగ్గా చూసి చెప్పండి.

ఇట్లు,
లక్ష్మీనరసమ్మ

తా.క.: ఎట్లైనా మాట్లాడించండి, కోపం తెప్పించైనా సరే, అన్నాడు డాక్టరు. రోజూ చిక్కబళ్ళాపురం పూల మార్కెట్టు ముందర బస్సు తోలిన మనిషి, ఇరవై ఏళ్ళలో నాకు మూర మల్లెలు తెచ్చిన పాపాన పోలేదు. ఆ సంగతి తీసినా కోపం రాలేదు. కళ్ళు మూసుకున్నాడు.

చిక్కబళ్ళాపురం,
8 జూలై 2007

అమ్మా,

బెరడు చూశాక మీ చెట్టు సంగతి పూర్తిగా అర్థమైంది. అది మునగచెట్టు. నిశ్చింతగా సాంబారులో వేసుకోవచ్చు.

భవదీయుడు,
పురుషోత్తమ్

తా.క.: ఈ ఉత్తరం కూడా ఆయన పక్కన కూర్చునే చదవండి. మునగ అనే ముందు కాస్త ఆగండి.

చింతామణి,
20 జూలై 2007

సారూ,

మునగా! తొమ్మిదేళ్ళలో ఒక్క కాయ కాయని మునగా! ఆయన పొట్ట ఎగిరెగిరి పడేలా నవ్వాడు. తర్వాత కోపం వచ్చి, ఎడం చేత్తో మంచం కోడు మీద కొట్టి "కా... కాదు" అన్నాడు. మాట వచ్చింది సారూ! వీధివీధంతా పిలిచాను. ఎదురింటి పుట్టమ్మ "ఇంకోసారి అను అన్నా" అని పీకల మీద కూర్చుంటే సిగ్గుపడి గోడ వైపు తిరిగాడు.

సంతోషం సంతోషమే. అయినా మీ చదువు మీద నాకు నమ్మకం పోయింది. మునగ తెలియని మనిషి పిల్లలకు ఏం చెప్తాండాడని మీ ప్రిన్సిపాలుకు వేరే ఉత్తరం రాశాను.

ఇట్లు,
లక్ష్మీనరసమ్మ

తా.క.: అలిగి జవాబు రాయడం మానకండి.

చిక్కబళ్ళాపురం,
3 ఆగస్టు 2007

అమ్మా,

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించి సంజాయిషీ రాయమన్నారు. రాశాను. స్టాఫ్ రూములో నా టేబులు మీద ఎవరో రెండు మునక్కాయలు పెట్టి పోయారు. బెరడు మళ్ళీ పరిశీలించాను. పొరపాటు నాదే. అది కరివేపాకు చెట్టు.

భవదీయుడు,
పురుషోత్తమ్

తా.క.: ఆయన ఏమన్నారో వెంటనే రాయండి. మునక్కాయలు ఇంటికి తెచ్చాను, బాగున్నాయి.

చింతామణి,
20 ఆగస్టు 2007

సారుకు నమస్కారాలు.

మీ ఉత్తరం మంగళవారం వచ్చింది. ఆయన సోమవారం పొద్దున పోయాడు. కరివేపాకు అని చదివి వినిపించలేకపోయాను. ఇక ఆకులు పంపను.

లక్ష్మీనరసమ్మ

చిక్కబళ్ళాపురం,
2 సెప్టెంబరు 2007

అమ్మా,

ఈ ఉత్తరం రాయడానికి ఇన్ని రోజులు చెయ్యి రాలేదు. కొండవేప అన్నది నా పొరపాటే. కానీ బెండులాంటి ఆ బెరడు చేతికి రాగానే తెలిసిపోయింది. పేరు రాయబోతుంటే, తప్పు చెబితే ఆయన నవ్వాడన్న మీ మాట గుర్తొచ్చింది. అందుకే మునగన్నాను, కరివేపన్నాను.

అది ఆకాశమల్లె అమ్మా. పొడుగు కాడలతో తెల్లటి పూలు, మల్లెల వాసన. మూర మల్లెలు తేని మనిషి మల్లెచెట్టునే తెచ్చి వాకిట్లో నాటాడు. ఆయన ఉండగానే ఈ మాట మీకు చేరాల్సింది. నా అతితెలివితో నేనే అడ్డం పడ్డాను. క్షమించమని అడగడానికి ముఖం చెల్లడం లేదు.

పురుషోత్తమ్

చింతామణి,
25 నవంబరు 2007

పురుషోత్తమ్ సారుకు, అక్క లక్ష్మీనరసమ్మ ఆశీర్వాదాలు.

దిగులు పడొద్దప్పా. కన్నడ రాయడం రాదన్నాను గానీ, చదవడం రాదనలేదు. చెట్టు నాటిన వారానికే ఆయన కాకీ చొక్కా ఉతుకుతుంటే జేబులో నర్సరీ చీటీ దొరికింది. అక్షరాలు కూడబలుక్కుని చదివితే 'ఆకాశ మల్లిగె' అని ఉంది. బట్టలుతికే బండ మీదే కూలబడ్డాను. దాచిపెట్టానని ఆయన పడే సంబరం చూసి, తొమ్మిదేళ్ళూ తెలియనట్టే ఉన్నాను.

ఆయన పడిపోయాక, ఆ ఒక్క పేరు చెప్పడానికైనా నోరు తెరుస్తాడేమోనని మీకు రాశాను. మునగ అన్నారు చూడండి, అప్పుడే అనుకున్నాను, ఈ సారు కూడా నాలాగే నాటకమాడుతున్నాడని. ప్రిన్సిపాలుకు ఫిర్యాదు కూడా ఆయన చూస్తుండగానే రాశాను. ఎంత మురిసిపోయాడో! దానివల్ల మీకు కష్టం వచ్చింది, మన్నించండి. నిజం రాసి ప్రిన్సిపాలుకు ఇంకో ఉత్తరం పంపాను.

ఆ సోమవారం పొద్దున నేనే అడిగాను, "ఇప్పుడన్నా చెప్పకూడదా?" అని. నా చెయ్యి పట్టుకుని "పూ... పూసినప్పుడు" అన్నాడు. అంతే. మొండిమనిషి, చెప్పలేదు. నాకు తెలుసని నేనైనా ఒక మాట చెప్పి ఉంటే బాగుండేదేమో. అదే గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఇట్లు,
లక్ష్మీనరసమ్మ

తా.క.: ఈ ఏడు కరెంటు వాళ్ళు రాలేదు. కార్తీకంలో చెట్టు పూసింది. పొద్దున లేచేసరికి వాకిలంతా తెల్లగా ఉంటోంది. నేనింక పూలు పెట్టుకోకూడదు కదా, చెట్టు కింద పీట వేసుకుని కూర్చుంటున్నాను. నిన్న పుట్టమ్మ చూసి "తల్లో పూలుండాయి వదినా, తీసేయ్" అంది. "నేను పెట్టుకోలేదే, మీ అన్న పెడతాండాడు" అన్నాను.