ముందే కదిలిన పెదవులు

గురువారం, జూబ్లీహిల్స్ నుంచి వచ్చాక

హైటెక్ సిటీ పుణ్యమా అని ఈ ఫిల్మ్ నగర్ ఇంటి ధర పెరిగినప్పటి నుంచి తమ్ముడు రవికి నా మీద ప్రేమ కూడా పెరిగింది. "బతికుండంగనే ఇల్లు ట్రస్టుల పెట్టు అక్కా. రేపు నీ బిడ్డకు కోర్టుల చుట్టూ తిరిగే ఫికర్ ఉండదు" అంటూ ఇవాళ లాయరు దగ్గరికి తీసుకెళ్లాడు.

ట్రస్టు పత్రం తానూ ఇప్పుడే చూస్తున్నానన్నాడు రవి. లాయరు చదువుతూ పోయాడు. నేనున్నంతకాలం ట్రస్టీని నేనే, తర్వాత ఇల్లు నా కూతురిది. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ "ఆమెకు మతి నిలకడగా లేదని ఒక వైద్యుడు ధ్రువీకరిస్తే, అమ్మే హక్కుతో సహా తమ్ముడే ట్రస్టీ" అన్న చోట రవి పెదవులు లాయరు గొంతు కంటే ముందే కదిలాయి. ముప్ఫై ఏళ్లు సినిమాలకు డబ్బింగ్ చెప్పినదాన్ని. డైలాగు ముందే బట్టీపట్టిన నోరు నాకు తెలియదా?

కళ్లజోడు మరిచిపోయి వచ్చానని చెప్పి, సంతకం పెట్టకుండా లేచాను. జోడు నా సంచిలోనే ఉంది.

ఇందాక రవి ఫోన్ చేశాడు.

"అక్కా, ఈ నడుమ నువ్వు అన్నీ మర్చిపోతున్నవ్. రేపు నా దోస్తు డాక్టరుకు జర చూపిద్దాం."