పసిపిల్లకు తగని మంచుదారి

వోర్మ్సి దీవి, ఎస్తోనియా

అమ్మా మారికా,

నా మోకాళ్ళ సణుగుడు తప్ప ఇక్కడ అంతా క్షేమం. ఆదివారం మన చిన్నారి లీలో బాప్తిస్మానికి సముద్రపు మంచు మీదుగా కారులో వస్తామని వ్రాశావు. ఈ కార్డు అందగానే ఆ తలంపు మానుకో.

నిన్న పొరుగింటి వాల్దూర్ కారులో నేనూ ఆ దారినే అవతలి ఒడ్డునున్న హాప్సలు వెళ్ళాను. దారి మొదట కాపలా ఉండే హెల్మి అద్దం తట్టింది. "అయ్యగారూ, ఆ బెల్టు విప్పండి! మంచు పగిలితే బయటికి దూకొద్దూ? పరలోకం వెళ్ళే తొందర మీకుంటే, పాపం వాల్దూర్‌ని ఎందుకు లాక్కెళ్తారు?"

సగం దూరంలో ఒక పట్నవాసి కారు ఆపి ఫొటో తీసుకుంటున్నాడు. మంచు మీద బరువు నిలపరాదని అతనికి తెలియదు. చక్రాల చుట్టూ నీరు ఊరుతోంది. వాల్దూర్ దూరంగా తప్పించి నడుపుతూ, "కదులు బాబూ, కింద సముద్రం!" అని అరిచాడు. అతడు కదిలాడు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అతని కారు వెనుక సీటులో పట్టీలతో బిగించిన పసిబిడ్డను చూశాను. ఆ పట్టీలు విప్పేంత వ్యవధి సముద్రం ఇస్తుందా? విప్పి ఒళ్ళో ఉంచుకుంటే, కారు జారినప్పుడు నీ చేతులు ఆపగలవా? రాత్రంతా అదే ఆలోచించి, తెల్లవారగానే ఈ కార్డు వ్రాయడానికి కూర్చున్నాను.

మా గుడిలో నేను నీ తలపై నీళ్ళు చల్లిన రాతితొట్టి దగ్గరే నీ బిడ్డకూ చల్లాలని ఆశపడ్డాను. ఓడ నడవడం లేదు కనుక నేనే ఆ మంచుదారిన వస్తాను. మీ ఊరి పాదిరి అయ్యగారిని అడిగి గుడి సిద్ధం చేయించు. లీలో దగ్గు తగ్గిందా? ఉన్ని టోపీ సరిపోయిందా?

మీ ముగ్గురికీ ప్రభువు కాపుదల ఉండుగాక. తొట్టిలో నీళ్ళు గోరువెచ్చగా ఉంచమను.

మీ నాన్న