ఐదో ఆటీను

ఒరేయ్ సత్యం,

ఇవాళ నీ కొబ్బరితోట కొట్టేశారు. నీ దగ్గర గెలుచుకున్నాయన అక్కడ చేపల చెరువు తవ్విస్తాడట. మీ ఆవిడ గట్టు మీద నిలబడి చివరి చెట్టు పడేదాకా చూసింది. నేనూ పక్కనే ఉన్నాను.

"అన్నయ్యగారూ, ఆ రోజు ఆటలో మీరూ ఉన్నారు కదండీ. మా ఆయన నిజంగా గెలిచేవారేనా?" అని అడిగింది.

పదేళ్ల కిందట రైసుమిల్లు వెనక గదిలో ఆడిన ఐదు ముక్కలాట అది. నీ చేతిలో నాలుగు ఆటీన్లున్నాయి. ఐదూ ఎర్ర ఆటీన్లే అయితే ఆట నీదే. ఒక ముక్క మార్చుకుంటే ఐదోదీ ఆటీనే వస్తుందని తోట ఒడ్డావు. అప్పటికే ఆట వదిలేసిన నేను పక్కన కూర్చుని నీ ముక్కలు చూశాను. నీకు రావలసిన ఆటీన్లలో మూడు నేను పారేసిన ముక్కల్లోనే ఉన్నాయి. పారేసినవి చెప్పకూడదన్నది ఆట నియమం. కానీ నిన్ను చెయ్యి పట్టుకుని లేపడానికి ఏ నియమమూ అడ్డురాదు. ఎప్పుడూ నువ్వే గెలుస్తావని నాకు కుళ్లురా. అందుకే ఊరుకున్నాను. నీకు నల్లముక్క వచ్చింది. ఆ వారంలోనే సామర్లకోటలో రైలెక్కి వెళ్లిపోయావు.

మీ ఆవిడతో, "గెలవాల్సిందేనమ్మా. ఒక్క ముక్కలో పోయింది" అన్నాను.

"అయితే తెలివితక్కువగా పోగొట్టుకోలేదన్నమాట. పిల్లలకి అదే చెబుతానండి" అని కళ్లు తుడుచుకుంది. పడున్న మట్టలు రెండు ఈడ్చుకుంటూ ఇంటికి వెళ్లింది.

ఈ ఉత్తరం ఏ ఊరికి వెయ్యాలో నాకు తెలీదు. తెలిసినా వేసేవాణ్ణి కాదేమో.