ఖడ్గమృగం సీసాలో పానకం

ఫార్మింగ్టన్ హిల్స్,
ఆదివారం ఉదయం

అక్కా,

నువ్వు పిరికిదానివి. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయంతో కూతురి ఉద్యోగం ఆపేసి, ఆ నేరం నా మీద వేశావు.

ఇక క్షేమాలు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారు షుగర్ మాత్రలు వేళకి వేసుకుంటున్నారా? నేను బాగానే ఉన్నాను. నిజంగా బాగానే ఉన్నాను, దిగులు పడకు. ఫోన్ చేస్తే పెట్టేస్తున్నావు కనుక ఇలా రాస్తున్నాను. కాగితమైతే నా మాట పూర్తయ్యేదాకా ఊరుకుంటుంది.

ఇక్కడ మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. ఆఫీసులో పని ఎప్పటిలాగే ఉంది. ఆయన వారాల తరబడి వేరే రాష్ట్రంలో ప్రాజెక్టు మీద ఉంటున్నారు. ఒక్కదానికి వండుకోబుద్ధి కాక, పెరుగన్నంలో నువ్వు పంపిన మాగాయ నంజుకుని సరిపెట్టుకుంటున్నాను. శనివారాలు ఇల్లు మరీ పెద్దదిగా కనిపిస్తుంది. అప్పుడు కారు తీసుకుని ఉత్తరాన సరస్సు వైపు వెళ్తాను. అక్కడ వాలు నేలలంతా ద్రాక్షతోటలే. ఆకురాలిన తీగలు చేతులు చాచి నిద్రపోతున్నట్టుంటాయి. నీళ్ళ మీది నుంచి పొగమంచు మెల్లగా వచ్చి వాటి మధ్య నడుస్తుంది. నేనూ కాసేపు ఎక్కడున్నానో మరిచిపోతాను.

అలా ఒక శనివారం, వైన్ తయారుచేసే ఒక చోట బోర్డు మీద ఖడ్గమృగం కనిపించింది. అంతకు ముందే మన మేఘన ఫోన్ చేసి గొంతు చించుకుంది.

"పిన్నీ, అస్సాంలో జాబ్ వచ్చేసింది! వరదలప్పుడు ఖడ్గమృగాల పిల్లలు తల్లుల నుంచి విడిపోతాయి కదా, వాటికి డబ్బాతో పాలు పట్టి పెంచాలి. నేనే డాక్టర్ని!"

ఆ గొంతు చెవిలో ఉండబట్టే కారు ఆపాను. వరస గమనించు అక్కా. పిచ్చి నా నుంచి దానికి అంటలేదు, దాని నుంచే నాకు అంటింది.

అక్కడ సభ్యత్వం తీసుకుంటే ఋతువుకోసారి వైన్ ఇంటికి పంపుతారు. మనం కట్టే దాంట్లో కొంత ఖడ్గమృగాల్ని కాపాడేవాళ్ళకి వెళ్తుంది. నా సంగతి తెలుసుగా, కౌంటర్లో ఉన్న పెద్దావిడతో వాదనకి దిగాను.

"ఒక జంతువు బతకాలంటే నేను తాగాలా? ఇదేం న్యాయం?"

"అక్కర్లేదు, ఊరికే ఇవ్వచ్చు," అందావిడ నవ్వి. "కానీ ఊరికే ఇచ్చేవాళ్ళు ఈ దారిన రారు."

కలిగినవాళ్ళ సరదా మీద ఒక ప్రాణి బతుకు ఆధారపడటం నాకిప్పటికీ మంటే. అయినా చేరాను. అవును, తాగాను కూడా. సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని ఒక గ్లాసు. పార్కింగ్ లాట్‌లో మంచు నీలంగా మారుతుంటే, కార్ల మధ్య నుంచి ఒక పెద్ద బూడిదరంగు ప్రాణి చెవులు ఆడిస్తూ, తడిగడ్డి వాసనతో నడిచొచ్చినట్టుంటుంది. వెనకాలే పాలడబ్బా పట్టుకుని మేఘన. ఇద్దరికీ తొందరే లేదు.

శ్రీరామనవమికి పానకం గుడికి తీసుకెళ్ళడానికి, ఖాళీ అయిన, ఖడ్గమృగం బొమ్మున్న ఆ వైన్ సీసానే వేణ్ణీళ్ళతో కడిగి వాడాను. మన వీధి పద్మ లేదూ, ఇక్కడే ఉంటుంది, అది చూసి పగలబడి నవ్వింది.

"వసూ, ఇందులో పోశావేంటే!"

"ఏం, రాముడికి ఖడ్గమృగమంటే పడదా?"

"రాముడు ఓకేనే. నేను ఫోటో తీసి తెనాలి గ్రూప్‌లో పోస్ట్ చేసేశా. మీ అక్క చూసిందంటే నీ పని ఫినిష్!"

నువ్వు చూశావు. మిరియాలు తేలుతున్న పానకం నీకు కనపడలేదు, సీసా కనపడింది. "పిన్ని తాగుబోతైంది, దీన్నీ అడవుల పాలు చేస్తోంది" అని మేఘన ప్రయాణం ఆపేశావు. మన ఇళ్ళ పెళ్ళిళ్ళలో కల్యాణ మండపం వెనక కారు డిక్కీ తెరిచి మగవాళ్ళు తాగుతుంటే ఐసు పంపించింది ఎవరు? అప్పుడు పరువు ఏ గదిలో పడుకుంది? నా గ్లాసు సంగతి నాతో తేల్చుకో. శిక్ష దానికెందుకు? నెలాఖరులోగా చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. వానలు ఎవరి కోసమూ ఆగవు.

బావగారికి నమస్కారాలు. కోపంగా రాసినా ప్రేమగా చదువు.

నీ చెల్లెలు,
వసుంధర

నేను అడుగుతున్నవి ఇవి:

వెళ్ళకుండా నువ్వు దాచిపెట్టిన సర్టిఫికెట్లు మేఘన చేతికివ్వు.
గౌహతికి టికెట్ బావగారితో ఈ వారమే బుక్ చేయించు.
దాని పెట్టెలో ఒక రెయిన్‌కోటు, కారప్పొడి పెట్టు.
గ్రూప్‌లో నా గురించి ఏమైనా అనుకోనీ, జవాబు చెప్పకు.
స్టేషన్‌కి నువ్వే వెళ్ళు. రైలు కదిలేదాకా ఏడవకు.