భర్తను అడిగిన ప్రశ్న

గురువారం, జనగామ

ఈ మధ్యాహ్నం రెండింటికి మంగ్లి దాచుకున్న డబ్బంతా ఆమె భర్త తీసుకుపోయాడు. దారి చూపింది నేనే.

ఇంటి ఖర్చులు, పొదుపుల గురించి భార్యాభర్తలను విడివిడిగా అడిగి, జవాబులు సరిచూడటం ఇన్నేళ్లుగా నా పరిశోధన పద్ధతి. పొద్దున నర్మెట్ట దగ్గరి తండాలో మంగ్లి, బిడ్డ నర్సింగ్ కోర్సు ఫీజు డబ్బు తన అక్క ఇంట్లో దాచానని చెప్పింది. తర్వాత ఆమె భర్తను అడిగితే పొదుపేమీ లేదన్నాడు.

"బంధువుల దగ్గర, అంటే మీ వదిన దగ్గరేమైనా..." అన్నాను.

ప్రశ్నలో ఉన్నది బంధువులు మాత్రమే. వదిన అన్నది నేను. అతను నవ్వి, తువ్వాల దులుపుకుని లేచాడు.

సాయంత్రం మళ్లీ వెళ్లి, ఫీజు నేను కడతానన్నాను. మంగ్లి ఒప్పుకోలేదు.

"వద్దు సారూ. గీ పైసలు ఎవలిచ్చిన్రని మళ్ల నన్నే కొడతడు. గంత సదువుకున్నరు, ఒక్క మాట కడుపుల దాసుకోకపోతిరి."

ఇంతకుముందు ఎన్ని ఇళ్లలో ఇలా జరిగిందో తెలియదు. నేను వచ్చేశాక ఏమైందని ఎవరినీ అడగలేదు...

సీటు గడువు రేపటితో సరి. పొద్దున్నే పత్తి ఏరే కూలీల ఆటో తండాకు వస్తుంది. తల్లితో పాటు బిడ్డ కూడా ఎక్కుతుంది.