టేకు టేబుల్ మీద తెల్లమచ్చ

మే నెల, ఆదివారం రాత్రి

ఇది రాయకుండానే పడుకుందామనుకున్నాను, కానీ మనసు ఊరుకోలేదు. పొద్దున మా ఆవిడ ముచ్చటపడి కొన్న టేకు టేబుల్ మీద నేను వేడి అన్నం గిన్నె దించితే గుండ్రంగా తెల్లమచ్చ పడింది. రేపు తను బెల్లంపల్లి నుంచి వస్తుంది. చూసిందంటే ఆ టేబుల్ దగ్గర నాకిక కూడు పుట్టదు. జన్మంతా బొగ్గుగనిలో పనిచేసి బతికినవాణ్ణి. వేడికి నల్లబడుతుందని తెలుసుగానీ, తెల్లబడటమేమిటి?

పక్క క్వార్టర్ రాజవ్వను పిలిచి చూపిస్తే నవ్వింది. "చెమ్మ పట్టింది కాకా. బట్టేసి ఇస్త్రీ చెయ్యి, పోతది."

"వేడికి పడ్డది వేడికే పోతదా బిడ్డా? గనిల అంటుకుంటే ఇసుక పోసినం గాని నిప్పు పెట్టినమా?"

"అయితే టేబుల్ మీద గూడ ఇసుకనే పోసుకో పో!"

పంచె మడిచి పరిచి ఇస్త్రీ చేశాను. మచ్చ పోయింది. ఎట్లా పోయిందో ఇప్పటికీ అర్థం కాలేదు. తెల్లారేసరికి మళ్లీ తేలుతుందేమో...

పంచె మాత్రం ఇస్త్రీపెట్టె ఆకారంలో కాలింది. దాన్ని పరుపు కింద పెట్టాను.