స్టిక్కర్లు పీకకండి

ఏమండీ,

రొట్టె తెస్తానని బజారుకెళ్ళి ఎవరితోనో కబుర్లలో పడ్డట్టున్నారు. మన అమ్మాయి ఓస్నత్‌కి నొప్పులు మొదలయ్యాయట. సాయంత్రం శబ్బాత్ విశ్రాంతి మొదలై బస్సులు ఆగిపోయేలోపు నేను హైఫా చేరాలి. చేపల పులుసు వేడిపలక మీద ఉంది. మాటిమాటికీ మూత తీసి కెలక్కండి.

కీబోర్డు మీద చెరిగిపోయిన హీబ్రూ అక్షరాలకి కొత్త స్టిక్కర్లు అతికించాను. ఒకటి వంకరగా ఉంది, పీకకండి. ముందు భాష మార్చే మీట నొక్కాలి. అక్షరాలు కుడి నుంచి ఎడమకి వస్తేనే మారినట్టు. ఫోన్లో అయితే భూగోళం బొమ్మ నొక్కండి. బొటనవేలి బొమ్మ పంపి చేతులు దులుపుకుంటే ఊరుకోను.

ఇన్నేళ్ళ కాపురంలో మీరు నాకు రాసింది ఒక్కసారే, నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు. భాష మార్చడం మరిచి హీబ్రూ కొట్టారు. నాకు అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. "మీ ఆయనకేమైనా మతి పోయిందా అమ్మమ్మా?" అని నర్సు పగలబడి నవ్వింది. తర్వాత తన కీబోర్డులో ఒక్కో ఇంగ్లీషు మీట మీదున్న హీబ్రూ అక్షరం వెతికి చదివింది: "ఇంట్లో చప్పుడే లేదు. తొందరగా వచ్చెయ్." ఇక నవ్వలేదు.

రేపు చుక్కలు పొడిచి శబ్బాత్ ముగిసేదాకా ఇద్దరి ఫోన్లూ మూగవే. పొడవగానే రాయండి. పులుసు గురించి కాదు, మీ గురించి.

ఫ్రేహా

మరిచాను: ఆ మెసేజి ఇంకా చెరపలేదు. ఈసారీ భాష మార్చడం మరిచారా, పరవాలేదు, అలాగే పంపెయ్యండి. నాకిప్పుడు చదవడం వచ్చు.